వెండిపిట్ట పలకని రోజులు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా రేవు ఇంకా బాగుపడలేదంటే అందుకు కారణం నేనేనని మా ఆయన అంటుంటారు. కాదని నేనూ అనను. నేను నోరున్నదాన్ని. చేపలు తూచే చోట నా గొంతు వినబడితే చాలు, కాటా ముల్లు తనంతట తనే సరిగ్గా నిలబడుతుందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కానీ ఇప్పుడు చెప్పబోయేది నా సంగతి కాదు. మా ఆడపడుచు సంగతి. మధ్యమధ్య నేను అడ్డం వస్తే మీరే సర్దుకోవాలి.

మా ఆడపడుచు రేవు ఆఫీసు మేడ మీద రేడియో గదిలో పనిచేస్తుంది. పొద్దున పూట సముద్రంలో ఉన్న బోట్లతో మాట్లాడుతుంది. మధ్యాహ్నం ఆ పక్క గదిలోనే బల్ల ముందు కూర్చుని బోటు రేడియోలు బాగుచేస్తుంది. మాట ముగిసిందని అవతలివాళ్ళకి తెలియడానికి ప్రతి మాట చివరా ‘ఓవర్’ అనడం రేడియోలో పద్ధతి. అది విని విని రేవులో అందరూ తనని ఓవరమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. చిన్నా పెద్దా, చివరికి ఆఫీసు పెద్దాయన కూడా ఓవరమ్మ అనే అంటాడు. తను దానికీ పలుకుతుంది. కోపం అనేది ఆ మనిషి వంట్లో ఎక్కడుందో ఇన్నేళ్ళలో నాకు దొరకలేదు.

వాళ్ళ నాన్నది రేడియోలు, గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు. కొడుకు, అంటే మా ఆయన, టంకం వాసనకి తలనొప్పి అని సముద్రం మీదికి పోయారు. కూతురు బల్ల దగ్గర ఉండిపోయింది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, “నా మాట వినేవాళ్ళు సముద్రం నిండా ఉన్నారు, ఇంట్లో ఇంకొకడు దేనికి” అనేది. మా ఇంట్లోనే పై గదిలో ఉంటుంది. రేవులో అంత మాట్లాడే మనిషి ఇంట్లో నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. ఆ లోటు నేను తీరుస్తానని మా ఆయన అంటారు.

పనిలో మాత్రం తన తీరే వేరు. పాడైన సామాను ముందు కూర్చున్నాక చాలాసేపు రెండు చేతులూ నీలం కోటు జేబుల్లో పెట్టుకుని ఊరికే చూస్తుంది. చూసేవాళ్ళకి ఒళ్ళు మండిపోతుంది. చెయ్యి ముందు పోతే తప్పు దాక్కుంటుందని వాళ్ళ నాన్న చెప్పేవాడట. ఇంకొకటి, ఒకసారికి ఒక్కటే మారుస్తుంది. “రెండు ఒకేసారి మార్చామనుకో వదినా, బాగైనా ఏది బాగుచేసిందో మనకి తెలీదు. తెలీని బాగు నిలబడదు” అంటుంది. నేను కూరలో ఉప్పూ కారం ఒకేసారి వేస్తాను, ఇంతవరకూ ఎవరూ చావలేదు అంటే నవ్వేసి ఊరుకుంటుంది. అంత నెమ్మది మీద చేసిన పని కాబట్టే తను ‘బాగుంది’ అన్న రేడియోని మా రేవులో ఇంకెవరూ రెండోసారి ముట్టుకుని చూడరు.

ఇక మా ఆయన సంగతి. ఆయన బోటు పేరు వెండిపిట్ట. వేట లేని రోజుల్లో బోట్లని ఒడ్డుకి లాగుతారు కదా, అప్పుడు ఆయనకి రంగుల పిచ్చి పడుతుంది. బోటు నడిపే సరంగు కూర్చునే గదికి నీలం, తక్కిన వాటన్నిటికీ వెండి రంగు. కమ్మీలకి వెండి, కొక్కేలకి వెండి, స్తంభానికి వెండి. కదలకుండా కూర్చుంటే నాకూ ఒక చెయ్యి వేసేస్తారేమోనని ఆ రోజుల్లో నేను బోటు ఛాయలకి పోను.

ఈసారి ఆ రోజుల్లోనే నేను ఆయన చెవిలో ఒక పోరు మొదలుపెట్టాను. జెట్టీ మీద నిలబడితే వచ్చే బోట్లన్నీ ఒక్కలాగే అలుక్కుపోయినట్టు కనబడుతున్నాయండీ, దగ్గరికొచ్చేదాకా మీదేదో తెలీడం లేదండీ అని. ఆయన ‘ఊ’ అన్నారు. ఆయన ఊ అంటే దానికి నూట పదహారు అర్థాలు. నాక్కావలసింది కళ్ళజోడు. ఊరందరినీ దులిపే నోరే, నాకేం కావాలో అడగమంటే మాత్రం ఇలా చుట్టూ తిరుగుతుంది. కళ్ళజోడు రాలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

బోట్లు నీళ్ళలోకి దిగిన కొత్తలోనే వెండిపిట్ట రేడియో మొరాయించింది. అందరి మాటలూ ఆయనకి వినబడుతున్నాయి, ఆయన మాట ఎవరికీ అందడం లేదు. మా ఆడపడుచు వెళ్ళి, జేబుల్లో చేతులు పెట్టుకుని చూసి, మైకు బటన్ నొక్కినప్పుడల్లా రేడియో దీపం మసకబారడం పట్టుకుంది. బ్యాటరీ నుంచి వచ్చే వైరు, ఫ్యూజు పెట్టే చోటు పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. వినడానికి కాస్త కరెంటు చాలట, పలకడానికి చాలా కావాలట. తుప్పు గీకి, కొత్త వైరు వేసి, జెట్టీ దగ్గర కట్టి ఉన్న బోటులోంచే రేడియో గదిని పిలిచింది. అక్కడున్న గుమాస్తా గంట కొట్టినట్టు వినబడుతోందన్నాడు. “బాగుంది అన్నయ్యా” అంది మా ఆడపడుచు. ఆ మాట నమ్మి ఆయన వేటకి వెళ్ళారు.

తర్వాత కొద్ది రోజులకే మంచు పట్టింది. అలాంటిలాంటి మంచు కాదు, జెట్టీ చివర నిలబడితే మన కాళ్ళే మనకి కనబడనంత. మధ్యాహ్నానికల్లా బోట్లన్నీ ఒకదాన్నొకటి పిలుచుకుంటూ తిరిగొచ్చాయి. వెండిపిట్ట రాలేదు.

నేను మేడ మెట్లెక్కి రేడియో గదిలోకి వెళ్ళేసరికి మా ఆడపడుచు పిలుస్తూ ఉంది. “వెండిపిట్ట, వెండిపిట్ట, రేవు పిలుస్తోంది. వినబడితే పలకండి. ఓవర్.” ఉలుకూ లేదు, పలుకూ లేదు. కాసేపాగి మళ్ళీ అదే పిలుపు, అదే గొంతు, ఎక్కడా తొణకలేదు. ఆ నిదానం చూస్తుంటే నాకు పిచ్చెక్కింది. తన చేతిలోంచి మైకు లాక్కున్నాను.

ముందు తిట్టాను. ఎక్కడ చచ్చారు అన్నాను, ఇంటిమీద ధ్యాస ఉందా అన్నాను. తర్వాత గొంతు నా మాట వినలేదు. “పలకండి. ఒక్క మాట పలకండి చాలు. ఇంక ఈ జన్మలో మిమ్మల్ని పల్లెత్తు మాట అనను. నా కోపం నోట్లోదే గాని మనసులోది కాదండీ. మీరు లేని ఇంట్లో నేనెవర్ని తిట్టుకుని బతకను” అన్నాను. ఒడ్డుకొచ్చిన బోట్లన్నిట్లోనూ రేడియోలు మోగుతూనే ఉన్నాయని తెలుసు. తెలిసీ అన్నాను. ఎంతసేపు అలా మాట్లాడానో ఏమో, మా ఆడపడుచు నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అంది, “బటన్ వదులు వదినా. నువ్వు వదిలితేనే అన్నయ్య మాట మనకి వినబడేది.”

వదిలాను. గరగర చప్పుడు తప్ప ఏమీ లేదు. మర్నాడు పొద్దున మంచు విడిచాక, పక్క బోటు సరంగు వెతుక్కుంటూ వెళ్ళి వెండిపిట్టని తాడు కట్టి లాక్కొచ్చాడు. ఇంజన్ ఆగిపోయి, సాయం అడగడానికి రేడియో పలక్క, రాత్రంతా అలల మీద ఊగుతూ ఉండిపోయారట. మనుషులందరూ క్షేమం.

మా ఆయన జెట్టీ మీద కాలు పెట్టగానే అందరూ చుట్టూ మూగారు. రేడియో ఏమైందని ఎవరో అడిగారు. “మా చెల్లెలు బాగుందంది” అన్నారాయన. అంతే. తిట్టినా పోయేది. మా ఆడపడుచు టీ ఫ్లాస్కు పట్టుకుని ఆ గుంపులోనే నిలబడి ఉంది. ఫ్లాస్కు ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, రేడియో గదికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఇక నాకా, రేడియోలో ఇచ్చిన మాట ఉంది. పలకండి చాలు అన్నాను, మనిషే తిరిగొచ్చారు, ఇంక నేను మాట తప్పితే ఎలా. నోరు కుట్టేసుకున్నాను. మా ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినబడటం అదే మొదలు. మా ఆయన వాలకం కూడా మారింది. తడిబట్టతో తుడిచిన నేల మీద బురద చెప్పులతో నడిచి, ఆగి, నా మొహం చూసేవారు. తడి తువ్వాలు మంచం మీద పడేసి గుమ్మంలో నిలబడేవారు. నేను గుక్కెడు మంచినీళ్ళు తాగి ఊరుకునేదాన్ని. ఆయన తల గోక్కుంటూ వెళ్ళిపోయేవారు. మనిషికి మతి చలించిందేమోనని భయపడ్డాను కూడా.

ఇంజన్ బాగైంది. బోట్లన్నీ దూరం వేటకి బయలుదేరే రోజు వచ్చింది. తీరం కనుమరుగయ్యేంత దూరం, రోజుల తరబడి అక్కడే. ముందురోజు పొద్దున భోజనాల బల్ల దగ్గర ఆయన, “రేపు నేనూ కదులుతున్నాను” అన్నారు, గోడకి చెబుతున్నట్టు.

“రేడియో?” అంది మా ఆడపడుచు. ఇన్నాళ్ళకి అన్నతో అన్న మొదటి మాట అది.

“మన తాతలు రేడియోలు పెట్టుకునే వేటకి వెళ్ళారా?”

“ఈ ఒక్క పూట బోటు తాళం ఇవ్వు అన్నయ్యా.”

ఆయన తాళం తీసి బల్ల మీద పెట్టారు. “చూసుకో. అది పలికినా పలక్కపోయినా పొద్దున్నే నేను వెళ్తాను. బాగుందని మాత్రం ఇంకోసారి చెప్పకు.”

పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నాకు తెలుసు. పలకని రేడియోతోనే పోతారు, ఆపడం ఎవరి వల్లా కాదు. ఇంజన్ మళ్ళీ ఆగితే, ఈసారి వెతకడానికి పక్క బోటు పక్కనే ఉంటుందా? నా నోట్లో మాటలన్నీ బారులు తీరి నిలబడ్డాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. పనిముట్ల పెట్టె నేనే ఎత్తుకుని మా ఆడపడుచు వెంట నడిచాను.

బోటులో ఇద్దరమే. తను సరంగు గదిలో రేడియో ముందు కూర్చుని జేబుల్లో చేతులు పెట్టుకుంది. నేను పెట్టె మీద కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను. తర్వాత బటన్ నొక్కి చూసింది. దీపం మసకబారలేదు. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ బలంగానే ఉంది. మైకు తీగ వంచి చూసింది, మైకు విప్పి చూసింది. ఏ తప్పూ లేదు.

“ఇదెప్పుడు మొదలైంది వదినా?”

“బోటు నీళ్ళలోకి దిగినప్పటినుంచీ అని మీ అన్నయ్య అప్పుడే చెప్పారుగా.”

“చెప్పాడు. నేనే సరిగ్గా వినలేదు. తుప్పు కనబడగానే అదే తప్పనుకున్నాను. తప్పు ఒక్కటే ఉండాలని ఎక్కడ రాసుంది. పైగా జెట్టీ దగ్గర నిలబడి, రేవులోనే ఉన్న మన గదిని పిలిచి చూశాను. ఆ దూరానికి రేడియో దేనికి, నీ గొంతు చాలు.”

ఇంకోసారైతే ఆ మాటకి దీటుగా ఏదో ఒకటి అనేదాన్ని. నాకు వేరే సందేహం వచ్చింది. “అమ్మాయ్, మరి ఆ మంచు రోజున... మీ అన్నయ్యకి మన పిలుపు అంది ఉంటుందా?”

“అందకేం. రేవు యాంటెన్నా మేడ మీద అంత ఎత్తున ఉంది. మన మాట బలంగా పోతుంది. వీళ్ళ యాంటెన్నా ఎంత చచ్చుగా ఉన్నా వినబడుతుంది. పలకడమే కష్టం.”

“అన్నీ వినబడి ఉంటాయా?”

“అన్నీనూ” అంది, తల ఎత్తకుండా.

నాకు ముచ్చెమటలు పోశాయి. మీరు లేని ఇంట్లో ఎవర్ని తిట్టుకుని బతకను అన్న మాట ఆయన అక్కడ, ఈ గదిలోనే, ఈ బల్ల మీద చెయ్యి ఆన్చి విన్నారన్నమాట. విని, బటన్ నొక్కి నొక్కి పలికి ఉంటారు. నాకు అందలేదు. అంతా విన్న మనిషి ఇన్నాళ్ళూ ఆ ఊసే ఎత్తకుండా బురద చెప్పులతో నా నేల తొక్కారు. సిగ్గు వేసింది, దుఃఖం వచ్చింది, ఆ రెండింటి మీదా కోపం వచ్చింది.

మా ఆడపడుచు ఈలోగా ఇంకో మీటరు తగిలించింది. రేడియో నుంచి పైకి పోయే బలమెంతో, వెనక్కి తిరిగొచ్చేదెంతో అది చూపిస్తుంది. బటన్ నొక్కగానే ముల్లు ఎగిరింది. “పంపిందంతా వెనక్కే వస్తోంది వదినా” అంది. యాంటెన్నా తీగ ఊడదీసి, దాని బదులు, పంపిన బలాన్ని తనలోనే మింగేసే ఒక చిన్న డబ్బా తగిలిస్తే ముల్లు పడుకుంది. అంటే రేడియోలో రోగం లేదు. తప్పు అక్కడి నుంచి పైన ఎక్కడో ఉంది. కేబుల్ చివర కోసి కొత్త బిరడా వేసింది. స్తంభం ఎక్కి పై చివర కూడా విప్పి, తుడిచి, బిగించింది. ఒక్కొక్కటి మార్చినప్పుడల్లా దిగొచ్చి మీటరు చూసింది. ముల్లు మాత్రం మళ్ళీ ఎగురుతూనే ఉంది.

అప్పుడు పక్క బోటు సరంగుని అడిగి వాళ్ళ యాంటెన్నా ఇప్పించుకుంది. “ఓవరమ్మా, నాకు నోరు లేకుండా చెయ్యకు, పొద్దున్నే నేనూ వెళ్ళాలి” అంటూ అతనే విప్పి ఇచ్చాడు. అది మా స్తంభానికి బిగించి బటన్ నొక్కితే ముల్లు కదలకుండా పడుంది. ఇంకేముంది, తప్పంతా మా యాంటెన్నాలోనే.

దాన్ని తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. నిలువెత్తు సన్నటి గొట్టం. చూస్తే ఎక్కడా చిట్లలేదు, పగల్లేదు, నిగనిగలాడుతోంది. “కొత్తదానిలా మెరుస్తోంది, దీనికేం రోగం” అన్నాను. తను జేబుల్లో చేతులు పెట్టుకుని దాన్ని చూసింది. నన్ను చూసింది. తర్వాత బోటంతా చూసింది, కమ్మీలు, కొక్కేలు, స్తంభం.

“వదినా, ఇది తెల్లగా ఉండాలి” అంది.

గోటితో గీకింది. గోటి కిందికి వెండి పొడి వచ్చింది.

మా ఆయన యాంటెన్నాకి కూడా రంగేశారు. లోపల తీగ ఉంటుందట, పైన గొట్టం ఫైబరు. ఫైబరు మాటని ఆపదు. వెండి రంగులో ఉండేది లోహం పొడి. మనిషిని ఇనప్పెట్టెలో కూర్చోబెట్టి మూత వేసి అరవమంటే ఎవరికి వినబడుతుందని మా ఆడపడుచు వివరించింది. మామూలు రంగైతే ఏమీ అయ్యేది కాదట. బోటంతా వెండి రంగులో ఉండేసరికి అందులో ఇదీ ఒకటని ఎవరి కళ్ళకీ ఆనలేదు. చంకలో పిల్లాడిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. అది తలుచుకుని తను నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు నవ్వుగానే ఉండగా కళ్ళు తుడుచుకుంది. “నా చేతి పని వల్లే మా అన్నయ్యని పోగొట్టుకునేదాన్నేమోనని ఇన్నాళ్ళూ నిద్ర లేదు వదినా” అంది.

నాకు ఆవేశం ఆగలేదు. జెట్టీ మీద అందరి ముందూ తనని అన్నారు కాబట్టి, అదే జెట్టీ మీద అందరి ముందూ ఈ గొట్టం చూపించి అడుగుతానని లేచాను. ఆయన్ని పల్లెత్తు మాట అననని అన్నాను గాని, ఆయన గురించి అననని ఎక్కడా అనలేదు. తను నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. “వద్దు. ముందు ఇది శుభ్రం చేద్దాం పట్టు” అంది.

బకెట్టు నీళ్ళు, గరుకు కాగితం పెట్టుకుని ఇద్దరం ఆ చివర ఒకరం, ఈ చివర ఒకరం కూర్చుని రుద్దాం. లోపలి ఫైబరు దెబ్బతినకుండా పై రంగు మాత్రమే పోవాలని తను చెబుతూ ఉంది. సాయంత్రానికి గొట్టం తెల్లబడింది. దాన్ని బిగించి, పక్క బోటు సరంగుది అతనికి ఇచ్చి, మీటరు చూశాం. ముల్లు పడుకునే ఉంది.

అప్పుడే మా ఆయన వచ్చారు. పైన తెల్లటి యాంటెన్నా చూశారు. మోచేతులదాకా వెండి పొడి అంటుకున్న నా చేతులు చూశారు. “అదా” అన్నారు.

“అదే అన్నయ్యా. ఇప్పుడు బాగుందని నేను చెప్పను. రేపు తీరం కనుమరుగయ్యాక పిలుస్తాను, నువ్వు పలుకు. నా మాట నీకెలాగూ వినబడుతుంది. నీ పలుకు నాకందక వెనక్కి రమ్మంటే మాత్రం రావాలి. ఇంకో మాట మాట్లాడకూడదు.”

ఆయన ‘ఊ’ అన్నారు. ఈసారి దానికి ఒకే అర్థం ఉండాలని నేను మనసులో అనుకున్నాను.

పొద్దున్నే బోట్లు కదిలాయి. నేను వంటిల్లు వదిలేసి రేడియో గదిలో కూర్చున్నాను. ఒక్కో బోటూ తీరం దాటాక పిలిచి, ఉన్నామని చెప్పుకుంటోంది. అందరికీ పలుకుతూనే మా ఆడపడుచు కిటికీలోంచి సముద్రం వైపు చూస్తోంది. అక్కడ చివరి చుక్క కూడా కనబడకుండా పోయాక మైకు తీసుకుంది.

“వెండిపిట్ట, వెండిపిట్ట, రేవు పిలుస్తోంది. వినబడితే పలకండి. ఓవర్.”

గరగర చప్పుడు. తను మళ్ళీ పిలవబోతూ బటన్ మీద వేలు పెట్టింది. నొక్కలేదు.

“రేవు, ఇది వెండిపిట్ట. వినబడుతోందా? ఓవర్.”

పక్కింటి నుంచి పిలిచినంత దగ్గరగా ఉంది ఆ గొంతు. మా ఆడపడుచు కళ్ళు మూసుకుని, తెరిచి, పిలుపుల ఛానల్లో కబుర్లు కూడదు కాబట్టి ఇంకో ఛానల్‌కి మారమంది. మా రేవులో అలా మారమంటే తక్కిన బోట్లు కూడా వెంటనే మారి చెవులు రిక్కిస్తాయన్నది వేరే సంగతి.

“స్పష్టంగా అందుతోంది అన్నయ్యా. ఓవర్.”

“బాగుంది చెల్లీ” అన్నారాయన. కాస్త ఆగి, “జెట్టీ మీద ఆ రోజు నేనన్న మాట తప్పు. ఇప్పుడు అందరూ వింటున్నారుగా, అందుకే ఇక్కడ చెబుతున్నా. ఓవర్” అన్నారు.

దానికి తను బటన్ నొక్కి అడిగిన ప్రశ్న ఇదీ: “అది సరే గాని, కమ్మీలకి వేశావు బాగుంది, యాంటెన్నాకి ఎందుకేశావు రంగు? ఓవర్.”

“మీ వదిన గురించే. దూరం నుంచి నా బోటేదో తెలీడం లేదని ఒకటే పోరు. అన్నిటికంటే ఎత్తున ఉన్నది అదే కదా, ఎండలో తళుక్కుమంటే గుర్తుపడుతుందని వేశాను. ఓవర్.”

మైకు నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు. “నేను బోటు కనబడటం లేదంటే బోటుకి రంగేస్తారా? కళ్ళు కనబడక చెప్పానయ్యా మగడా. కనబడటానికని మాట పోగొట్టుకుంటారా ఎవరైనా? రాత్రంతా ఆ మంచులో మీరు పలక్కపోతే ఇక్కడ నా ప్రాణం ఏమైందో మీకు తెలుసా? తుడిచిన నేల మీద బురద చెప్పులేసుకుని తిరుగుతారా? తడి తువ్వాలు తెచ్చి మంచం మీద పడేస్తారా? ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుని ఎలా బతికాననుకున్నారు?” ఇంకా చాలా అన్నాను. అన్నీ ఇక్కడ రాయలేను.

“బటన్ వదులు వదినా” అంది మా ఆడపడుచు.

వదిలాను.

ముందు ఎవరిదో నవ్వు, ఆ పక్క బోటు సరంగుదే అయుంటుంది. తర్వాత మా ఆయన గొంతు. “హమ్మయ్య. చెప్పులతో తొక్కినా, తువ్వాలు పడేసినా నువ్వేమీ అనకపోతే ఇల్లు ఇల్లులా లేదు. ఆ రోజు నువ్వన్నదంతా విన్నాను. ప్రతి మాటకీ బదులు చెప్పాను, నీకందలేదు. అన్నీ ఉండనీ. పల్లెత్తు మాట అననన్నావే, ఆ ఒక్కటీ వెనక్కి తీసుకో. ఓవర్.”

మైకు పట్టుకుని నిలబడ్డాను. సముద్రం మీద ఉన్న బోట్లన్నీ వింటున్నాయి, రేవంతా వింటోంది. మా ఆడపడుచు రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. బటన్ నొక్కాను.

“నాకు కళ్ళజోడు కావాలి. ఓవర్” అని వదిలేశాను.

“ఊ” అన్నారాయన. అంత దూరం నుంచి కూడా స్పష్టంగా వినబడింది.